మొండిబుడ్డ

ఎమ్మిగనూరు,
9 నవంబర్ 2024

పెదనాయనకు,

ఉత్తరం ఆలస్యమైందని అలిగి ఉంటావు. ఫోన్లో నాలుగు మాటలు చెప్పి ఊరుకుందామంటే నీ చెవులు ఒప్పుకోవు. పెద్దమ్మతో చెప్పి పంపితే సగం మాటలు వంటింట్లోనే ఆగిపోతాయి. అందుకే ఓపిగ్గా కూర్చుని రాస్తున్నాను. తిట్లు తర్వాత తిడుదువు గాని, ముందు ఇది చదువు.

మల్లెహాళులో మేం రెండేళ్లుగా చేస్తున్న పని నీకు తెలుసు. పరిశోధన స్థానం నుంచి కొత్త రకాల వేరుశనగ బుడ్డలు తెచ్చి, రైతుల చేలల్లోనే చిన్న చిన్న మడులుగా వేయించి, ఏది బాగుందో వాళ్లనే చెప్పమంటాం. మడికి ఒక కట్టె, కట్టెకు ఒక నంబరు. పేరు చెబితే పేరు చూసి మోజు పడతారని పేర్లు చెప్పం. మొన్న గురువారం ఒక్కో మడి ముందు ఒక మూకుడు పెట్టాం. ఆడవాళ్లకు చింతపిక్కలు, మగవాళ్లకు గులకరాళ్లు ఇచ్చి, నచ్చిన మడి ముందు వేయమన్నాం.

మా దేవేంద్ర సార్ నాలుగో నంబరే గెలుస్తుందని ముందే రాసి పెట్టుకున్నాడు. కాయ దిగుబడిలో అదే ముందుంది. తీరా చూస్తే ఏడో నంబరు మూకుట్లో చింతపిక్కలు పొర్లిపోయాయి, గులకరాళ్లూ అక్కడే ఎక్కువ. ఎందుకలా వేశారని సిద్దమ్మను అడిగాను. రెండెకరాల ఎర్ర నేల, పాలిచ్చే ఒక ఎనుము తప్ప వేరే ఆధారం లేని మనిషి. ఒక చెట్టు పీకి నా ముఖం ముందు ఆడించింది.

"నాలుగో నంబరు పీకితే సెట్టు సేతికొస్తాది, బుడ్డలు బూమిలో ఉండిపోతాయి. తవ్వుకుంటా కూసోవాల. దీన్ని సూడు, ఒగటన్నా తెగిందా? వాన మొగం సాటేసినా ఆకు పచ్చగుండాది. నా ఎనుము తింటాది" అంది. పక్కనున్న ఆడవాళ్లు అప్పటికే దానికి పేరు పెట్టేశారు, మొండిబుడ్డ అని.

కానీ కాయ తక్కువని స్థానం వాళ్లు ఈ రకాన్ని వదిలేస్తున్నారు. ఇక అక్కడ దాని విత్తనం తయారు కాదు. మల్లెహాళు మడుల్లో పండిన మూడు బస్తాలే మిగిలాయి. వచ్చే వానకు అవి విత్తుకుంటే ఆ పై ఏడాదికి ఊరంతటికీ సరిపోతుంది. అందాకా వాటిని నీ గోడౌన్లో దాచిపెడతావా? ఊళ్లో ఎలుకలు, కారే కప్పులు. అదీగాక చేతిలో ఏమీ లేని రోజు వస్తే విత్తనమని చూడకుండా తినేస్తారని నాకు భయం.

పొట్లంలో ఆ బుడ్డలే కొన్ని పంపుతున్నాను, చూడు.

నీ శరణ్య


ఆదోని,
14 నవంబర్ 2024

చిరంజీవి శరణ్యకు, చెవులు పోయినా నోరు పోని పెదనాయన దీవెనలు.

నలభై ఏళ్లుగా బుడ్డలు కొంటున్నాను, అమ్ముతున్నాను. బుడ్డలకు ఓట్లు వేస్తారని మాత్రం నువ్వు చెబితేనే తెలిసింది. రేపు గెలిచిన బుడ్డకు దండ వేసి ఊరేగిస్తారా? నీ పొట్లం విప్పి చూశాను. పప్పు చిన్నది, పొర ముదురు ఎరుపు. మండీకి తెస్తే నేనూ మూతి ముడుస్తాను. కానీ కొరికితే నూనె తగిలింది, సరుకు మంచిదే. మిగిలినవి మీ పెద్దమ్మ ఉడకబెట్టింది. ఇద్దరం వాకిట్లో కూర్చుని తినేశాం, రుచిగా ఉన్నాయని ఆవిడ ఓటు కూడా ఏడో నంబరుకే పడింది.

గోడౌన్ సంగతి నువ్వు అడగాలా? పంపించు. మీ నాన్న పోయినప్పటి నుంచి నువ్వు అడిగింది ఏది కాదన్నాను? మన హమాలీ కాశప్పతో చెప్పి దూది బేళ్లు పక్కకు జరిపిస్తాను. నా గోడౌన్లో సరుకుకు బూజు పట్టిందని ఈ ఊళ్లో ఒక్కడు కూడా అనలేదు.

అన్నట్టు, పోయినసారి వచ్చినప్పుడు నువ్వు గడప దగ్గర విడిచిన చెప్పులు చూసి నా కడుపు తరుక్కుపోయింది. అరిగి అట్టముక్కల్లా ఉన్నాయి. వాటిని పారేయించి అదే చోట కొత్త జత పెట్టించాను. చూసుకున్నావో లేదో.

బాలకృష్ణయ్య


ఎమ్మిగనూరు,
2 డిసెంబర్ 2024

పెదనాయనకు,

చూసుకున్నాను. తెల్లారకముందే చీకట్లో కాళ్లు దూర్చి బయల్దేరాను, బస్సు దిగి చూసుకుంటే పాత చెప్పులు లేవు! అవి అరిగి నా కాలికి అచ్చంగా సరిపోయినవి, దుక్కిలో నడవడానికి వాటిని మించినవి లేవు. కొత్తవి మడమ కొరికేస్తున్నాయి. ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా. సరేలే, నీ మీద కోపం తెచ్చుకుని నేను నెగ్గుకొచ్చిందెప్పుడు?

ఈ ఉత్తరం తెచ్చిన అయ్యన్నే మూడు బస్తాలూ దించుతాడు. మల్లెహాళులో విత్తే గొర్రు అతనిదే, ఊళ్లో సగం చేలు అతనే విత్తుతాడు. అతనికి కాఫీ ఇవ్వకుండా పంపకు.

బస్తాలు ఊరు దాటించడానికి పెద్ద పంచాయితీ అయింది. అందరూ ఒప్పుకున్నాక సిద్దమ్మ అడ్డం తిరిగింది. "ఎవురి బుడ్డలు వాళ్ల ఇండ్లల్లో ఉంటే ఏమైతాదమ్మా? ఒగరింట్లో పోతే ఇంగొగరింట్లో ఉంటాయి. అన్నీ తీసకపోయి ఒగ సోట పెడితే ఎట్లా?" అంది. ఎలుకల సంగతి చెప్పాను, తేమ సంగతి చెప్పాను. చివరికి, మా పెదనాయన కంటే నమ్మకస్తుడు జిల్లాలో లేడని చెప్పాను. ఆవిడ నా ముఖం చూసి, "నువ్వు సెప్తాండావని ఇస్తాండాం" అంది. నాకు ఏనుగెక్కినట్టు అనిపించింది.

కాబట్టి పెదనాయనా, ఎలుక తగలకూడదు, తేమ అసలే తగలకూడదు. తేమ ఒక్కటే నా భయం. మిగతాది నీకు నేను చెప్పాలా?

శరణ్య


ఆదోని,
3 ఏప్రిల్ 2025

శరణ్యమ్మకు పెదనాయన రాస్తున్నది.

ఉగాదికి వస్తానని రాలేదు. పచ్చడి నీ వంతు కూడా నేనే తాగాను, కాబట్టి ఈ ఏడాది నీ చేదంతా నాదే. కాశప్ప కైరుప్పల జాతరకు పోయి పిడకలు విసురుకునే కొట్లాటలో నుదురు పగలగొట్టుకుని వచ్చాడు. విభూతి పూసుకుని, ఏదో గెలిచినవాడిలా బస్తాలు మోస్తున్నాడు.

మీ బస్తాలు భద్రం. భద్రమంటే మామూలు భద్రం కాదు. నీ ఆడవాళ్ల కోసం నేనొక పని చేసిపెట్టాను. ఏమిటో చెప్పను. బస్తా విప్పిన రోజు వాళ్ల బొటనవేళ్లు నాకు దండం పెడతాయి, అంతే చెబుతాను. ఇది చేయిస్తూ ఉంటే కాశప్ప, "సావుకారీ, యాడన్నా కూలి తీసుకోకుండా ఇంత పని సేస్తారా?" అని నవ్వాడు. మనపిల్ల కోసం కదా అన్నాను.

ఇంకో మాట. బళ్లారిలో ఒక సంబంధం ఉంది. అబ్బాయి పేరు సుమంత్. నీ ఫోటో పంపేశాను, కోప్పడకు.

పెదనాయన


ఎమ్మిగనూరు,
20 ఏప్రిల్ 2025

పెదనాయనకు,

ఫోటో సంగతి ఉత్తరంలో పోట్లాడను, వచ్చినప్పుడు నీ ఎదురుగా కూర్చుని పోట్లాడతాను. నీ రహస్యం మాత్రం కనిపెట్టేశాను. కొత్త గోనెసంచుల్లోకి మార్చి, మూతి విప్పడానికి వేళ్లు నొప్పెట్టకుండా తాడు ముడి వేయించావు, అంతే కదా? దానికి ఇంత గొప్పలు!

ఇక్కడ సంగతులు బాగాలేవు. ఈ వానాకాలంతో మా పని ముగించేస్తున్నారట. దేవేంద్ర సార్ తల పట్టుకుని కూర్చున్నాడు. రైతులతో ఎంపిక చేయించడం చూడ్డానికి బాగుంటుంది గాని, దాని వల్ల ఒరిగిందేమిటని పైవాళ్లు అడుగుతున్నారట. చూపించడానికి మా దగ్గర ఉన్నది మొండిబుడ్డ ఒక్కటే. ఈ ఏడు మల్లెహాళు చేలల్లో అది నిలిచి కాసిందంటే, మేం వెళ్లిపోయినా ఊళ్లో విత్తనం ఉంటుంది. లేకపోతే రెండేళ్లు నేను ఆడుకున్నట్టే.

సిద్దమ్మ నాలుగు రోజులకోసారి అడుగుతోంది, "మన బుడ్డలు ఎట్లుండాయమ్మా?" అని. అత్తారింటికి పంపిన కూతురి గురించి అడిగినట్టు అడుగుతుంది. తన రెండెకరాలూ అదే వేస్తుందట. వేరే విత్తనం కొననంటోంది. ఒక మూల మామూలు రకం కూడా వేసుకోమ్మా అన్నాను, వినలేదు. అంత నమ్మకం చూస్తే నాకు ముచ్చటగానూ ఉంది, గుబులుగానూ ఉంది.

శరణ్య


ఆదోని,
6 జూన్ 2025

చిరంజీవికి,

గోనెసంచులట! నీ పెదనాయనను అంత తక్కువగా అంచనా వేశావా? సరే, అలాగే అనుకో. విప్పినప్పుడు చూస్తావు.

ఇక్కడ రెండు జల్లులు పడ్డాయి. మీవైపు నేల తడిసి పదును కాగానే అయ్యన్నను కాశప్పకు ఫోన్ చేయమని చెప్పాను, టెంపో తిన్నగా మల్లెహాళుకే పోతుంది. నువ్వు మధ్యలో పరుగులు పెట్టనక్కర్లేదు. మీ పెద్దమ్మ బళ్లారిలో ఉంది, నేను హోటల్ ఇడ్లీల మీద బతుకుతున్నాను. అబ్బాయి వాళ్లకు నువ్వు నచ్చావట, ఈ మాట మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను.

బాలకృష్ణయ్య


ఎమ్మిగనూరు,
19 జూన్ 2025

పెదనాయనకు,

ఆదివారం పెద్ద వాన పడింది. నేను ఆ రోజు మీటింగుకని కృష్ణగిరి వెళ్లి అక్కడే చిక్కుకున్నాను. సోమవారం పొద్దున నీ టెంపో వచ్చిందట, పదును ఆరిపోతుందని మధ్యాహ్నానికల్లా విత్తేశారట. నేను వెళ్లేసరికి ఖాళీ గోనెలు మడిచి పెట్టి ఉన్నాయి. ఆడవాళ్లు ఒకటే సంబరం. "కూకోని ఒలిసే పనే ల్యాకుండా పప్పు సేసి పంపినావు గదమ్మా, మా సేతి ఏళ్లు బతికినాయి" అన్నారు.

నేనేమీ పంపలేదు కదా. నవ్వి ఊరుకున్నాను.

పెదనాయనా, బుడ్డలు ఒలిపించావా? ఎప్పుడు? చేత్తోనా, మిషన్లోనా? ఒలిచాక ఎక్కడ పెట్టావు? కాశప్పకు ఫోన్ చేస్తే, "అంతా సావుకారే దగ్గరుండి సేయించినాడమ్మా, పప్పు కలకలలాడతాండె" అంటాడే గాని ఇంకో ముక్క చెప్పడం లేదు. పెద్దమ్మా ఊళ్లో లేదు. ఇది అందగానే రాయి. ఏదీ వదలకుండా రాయి.

శరణ్య


ఆదోని,
23 జూన్ 2025

బంగారు తల్లికి,

అందిందన్నమాట! నీ ఉత్తరం చదివి మండీలో నలుగురికి చూపించాను. వేళ్లు బతికాయన్నారా? నాకింకేం కావాలి.

ఏదీ వదలకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. మీ ఆడవాళ్లు బుడ్డలు ఒలిచి ఒలిచి బొటనవేళ్లు పుండ్లు పడతాయని, ఉప్పు తగిలితే మండుతుందని నువ్వే ఒకసారి చెప్పావు, అది నా మనసులో ఉండిపోయింది. ఉగాదికి ముందు మన బుడ్డలు కొట్టే మిషను ఖాళీగా ఉంటే మూడు బస్తాలూ వేయించాను. జల్లెడ పట్టించాను. నలిగినవీ చిట్లినవీ నేనే కళ్లద్దాలు పెట్టుకుని ఏరాను. తర్వాత నువ్వు అంతగా భయపడిన తేమ సంగతి. మేడ మీద రేకులు పరిపించి, వాటి మీద పప్పు పలుచగా పోయించి, నాలుగు ఎండలు చూపించాను. మన ఎండ సంగతి చెప్పాలా, రేకు మీద కాలు పెట్టలేకపోయాం. కొరికితే టక్కుమనేదాకా ఆరబెట్టించాను. మే నెలలో అనుమానం వచ్చి మళ్లీ ఒక ఎండ చూపించాను. మండీలో ఏ సరుకుకూ నేనింత చేయలేదు. ఒక్క గింజకు బూజు పట్టిందేమో చూడు.

ఇంత చేసినా నీ ఉత్తరంలో సంతోషం కనపడలేదు. ఒంట్లో బాగాలేదా? కృష్ణగిరి నీళ్లు పడలేదేమో.

పెదనాయన


ఎమ్మిగనూరు,
25 జూన్ 2025

పెదనాయనకు,

నీ జవాబు ఇంకా అందలేదు. ఉండబట్టలేక రాస్తున్నాను.

చేలో ఏమీ లేవలేదు. ఈపాటికి సాళ్లు కనపడాలి. నేల ఎర్రగా, విత్తిన రోజు ఉన్నట్టే ఉంది. అయ్యన్న గొర్రు లోతుగా వేశాడని కొందరు, కాకులు తవ్వాయని కొందరు. నిన్న ఇద్దరు అతని మీదికి పోయారు. "నా గొర్రుతో మీ తాతల కాలం నుంచి ఇత్తుతాండారు, ఈ ఏడే లోతు దిగిందా?" అని అతను గట్టిగా అరుస్తూ, చివరికి ఏడ్చాడు. ఆ గొడవలో నేను కూడా, కొంచెం లోతే అయిందేమో అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఎవరో ఒకరి తప్పయితే బాగుండునని అనిపించింది.

సాయంత్రం సిద్దమ్మతో కలిసి ఒక సాలు తవ్వి చూశాను. గింజలు ఉబ్బి, మెత్తబడి, వాసన కొడుతున్నాయి. అన్నీ అలాగే. సిద్దమ్మ ఒకటి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని మళ్లీ సాల్లోనే పెట్టి మట్టి కప్పింది.

త్వరగా రాయి.

శరణ్య


ఎమ్మిగనూరు,
27 జూన్ 2025

పెదనాయనా,

నీ ఉత్తరం అందింది.

విత్తనపు బుడ్డను కాయలోనే ఉంచాలి. విత్తే ముందు చేత్తో ఒలవాలి. మిషన్లో వేస్తే పైకి బాగున్న గింజకు కూడా లోపల దెబ్బ తగులుతుంది. కాలే రేకు మీద పోస్తే మొలక చచ్చిపోతుంది. నువ్వు మండీకి చేసే పనే చేశావు. అమ్మడానికైతే అంతకంటే మంచి సరుకు ఉండదు. అది విత్తనం.

నిన్ను తిడదామని కూర్చున్నాను. చేత కావడం లేదు. తేమ ఒక్కటే భయమని రాసింది నేను. మిగతాది నీకు చెప్పాలా అని రాసిందీ నేనే. ఎవరిళ్లల్లో వాళ్లు పెట్టుకుంటామంటే బలవంతాన తీసుకొచ్చింది నేను. ఆకలైతే తినేస్తారని అనుకున్నాను. తినేసినా ఏదో ఒక ఇంట్లో కొన్ని మిగిలేవి.

స్థానానికి ఫోన్ చేశాను. ఏడో నంబరు వదిలేసిన రకం కాబట్టి దాచలేదన్నారు. ఇంకెక్కడా లేదు పెదనాయనా.

అయ్యన్న దగ్గరికి పోయి తప్పు నీది కాదని చెప్పాను. ఊరందరినీ కూర్చోబెట్టి, విత్తనాన్ని సరిగ్గా దాచనిది నేనేనని చెప్పాను. నీ పేరు చెప్పలేదు. నాకు ఉత్తరాలు రాయకు కొన్నాళ్లు.

శరణ్య


ఆదోని,
3 జూలై 2025

అమ్మా శరణ్యా,

రాయవద్దన్నావు. రాయకుండా ఉండలేను. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. మేడ మీదికి పోతే రేకులు ఇంకా అక్కడే ఉన్నాయి. కాశప్పను తీసి పారేయమన్నాను.

నేను ఎన్నడూ బుడ్డ విత్తలేదమ్మా. కొన్నాను, అమ్మాను, అంతే. కాయ నాకు సరుకే గాని, దానిలో ప్రాణం ఉంటుందన్న ఆలోచన ఈ వయసుకు కూడా రాలేదు.

ఊరందరికీ నేను మంచి విత్తనం కొనిస్తాను. ఇప్పుడే నంద్యాలలో మాట్లాడాను, పెద్ద పప్పు రకం, నెల తిరక్కముందే తెప్పిస్తాను. ఒక లారీ చాలా? జవాబు రాయి.

పెదనాయన


ఎమ్మిగనూరు,
9 జూలై 2025

పెదనాయనా,

వద్దు. పంపవద్దు. పదును పోయింది, వాన మళ్లీ రాలేదు. కొందరు కంది, కొందరు కొర్ర అదునుకు వేద్దామని చేలు దున్నేశారు. వాళ్లు ఎంచుకున్నదే పోయాక నువ్వు ఎంచి పంపింది ఏం చేసుకుంటారు?

బళ్లారి వాళ్లకు నా తరఫున వద్దని చెప్పు.

శరణ్య


ఆదోని,
18 ఆగస్టు 2025

శరణ్యమ్మకు,

నీ జవాబు లేక నెల దాటింది. మీ పెద్దమ్మ రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకు గుమ్మంలో నిలబడుతోంది. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోవడం లేదు, మాట్లాడినా నాకు వినపడదు కాబట్టి తేడా తెలియడం లేదు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. భయపడకు, ఏమీ పంపలేదు, ఏమీ కొనలేదు. మొన్న శుక్రవారం బస్సెక్కి మల్లెహాళు పోయాను. రచ్చకట్ట దగ్గర కూర్చున్న వాళ్లకు చెప్పాను, మీ విత్తనాన్ని చంపింది మా పిల్ల కాదు, నేను అని. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలియదు. అందరి నోళ్లూ కదిలాయి. తిట్టారో, కూర్చోమన్నారో, ఒక్క ముక్క వినపడలేదు. అంత దూరం పోయి తిట్లు కూడా తినలేకపోయాను.

సిద్దమ్మ తన ఇంటికి తీసుకుపోయింది. ఎనుము కట్టుకొయ్య ఖాళీగా ఉంది. మేత లేక సంతకు తోలేసిందని చేత్తో సైగ చేసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మజ్జిగ ఇచ్చింది. నేను తాగుతుంటే నా ముఖంలోకి చూస్తూ ఏదో ఒక మాట అడిగింది. రెండుసార్లు అడిగింది. నేను తల ఊపాను. ఏమని అడిగిందో తెలియక, దేనికి తల ఊపానో తెలియక వచ్చేశాను. క్షమించానని అందా? నా ఉసురు తగులుతుందని అందా? రాత్రిపూట అదే గుర్తొస్తోంది. నువ్వు నన్ను తిట్టినా సరే, ఆవిడ ఏమందో కనుక్కుని ఒక్క ముక్క రాయి.

బాలకృష్ణయ్య


ఎమ్మిగనూరు,
8 అక్టోబర్ 2025

పెదనాయనకు,

ఇన్నాళ్లూ రాయనందుకు పెద్దమ్మను నా మీద కోప్పడమను. నువ్వు మల్లెహాళు వెళ్లావని చదివి ఏడ్చాను. కోపం ఎప్పుడో పోయింది, దాని చోట్లోకి ఏమీ రాలేదు. అందుకే రాయలేకపోయాను.

ఇక్కడ ఆఫీసు మూసేశారు. దేవేంద్ర సార్ చివరి నివేదికలో ఏడో నంబరు దగ్గర 'రైతులు నిలుపుకోలేకపోయారు' అని రాశాడు. నిలుపుకోలేకపోయింది రైతులు కాదని గట్టిగా చెప్పాను. రాసింది మార్చలేదు. నెలాఖరుకు ఈ గది ఖాళీ చేస్తాను. ఆదోనికి ఇప్పుడే రాను. నీ ఎదురుగా కూర్చుని మామూలుగా అన్నం తినగలనని అనిపించినప్పుడు వస్తాను.

దసరా అయ్యాక మల్లెహాళుకు చివరిసారి వెళ్లాను. దేవరగట్టు కర్రల జాతరకు పోయిన మగవాళ్లు ఇంకా తిరిగి రాలేదు, ఊరు బోసిగా ఉంది. అయ్యన్న ఎదురుపడి పలకరించాడు గాని ఆగలేదు. సిద్దమ్మ కొర్ర చేలో ఉంది. నువ్వు అడిగింది అడిగాను. కాసేపు ఆలోచించి, "ఏం ల్యాదమ్మా, మజ్జిగలో ఉప్పు సాలునా అని అడిగినా. తల ఊపినాడు" అంది. అంతే పెదనాయనా. నిన్ను క్షమించనూ లేదు, శపించనూ లేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

ఇంకో సంగతి కూడా ఉంది. జూలైలో అందరూ చేలు దున్నేసినప్పుడు సిద్దమ్మ చేలో కొన్ని మొలకలు లేచాయని నాకు తెలియదు. ఎలా బతికాయో, నీ రేకు అంచున ఏ నీడన పడ్డ గింజలో మరి. ఆవిడ వాటిని తప్పించి చుట్టూ కొర్ర వేసుకుంది. కొర్ర సగం ఎండిపోయింది. ఆ చెట్లు మాత్రం చివరిదాకా పచ్చగానే నిలిచాయట. నేను వెళ్లేసరికి పీకేసి ఉంది, కొర్ర మధ్య అక్కడక్కడ గుంటలు కనపడ్డాయి. ఒక గుంట దగ్గర ఒక్క ఆకు, ఇంకా పచ్చగా ఉంది.

వంగి ఆ ఆకు తీసి చూశాను. మొండిబుడ్డేనా అని అడిగాను. అవునంది. ఎన్ని బుడ్డలు వచ్చాయంటే, కొంగు చివర ముడి వేసేటన్ని అంది. మంచి డబ్బా ఇస్తానన్నాను, మందు కలిపి ఇస్తానన్నాను, సగం నా దగ్గర వేరుగా పెడతానన్నాను. ఆవిడ వింటూ కొర్ర కోస్తూనే ఉంది. చివరికి, ఎక్కడ పెట్టావో అదొక్కటీ చెప్పు సిద్దమ్మా అని అడిగాను.

కొడవలి పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుంది. మాటలో కోపం లేదు, ఉంటే బాగుండేది.

"సెప్పనమ్మా. నువ్వు మంచిదానివి, మీ పెదనాయనా మంచోడే. సెప్తే మళ్లా ఏదో ఒగ మేలు సేస్తారు" అంది.

శరణ్య